బ్రేకు మీది కాలు

పదో చాప తుడిచేసరికి శాంతి కుమార్‌కు చెమటలు పట్టాయి. బోధన్ బస్టాండు వెనక ఉన్న ఫిజియోథెరపీ సెంటర్లో అతనిది ఊడ్చే పని, తుడిచే పని, ముసలివాళ్లను కుర్చీలోంచి లేపి బల్ల మీద పడుకోబెట్టే పని. ఏ పనైనా సరేగాని కూర్చుని చేసే పని మాత్రం కాకూడదు. నలభై ఆరేళ్ల మనిషి, బక్కపలచటి ఒళ్లు, కాలు కాలిన పిల్లిలా గదంతా తిరుగుతూనే ఉంటాడు. చాయ్ నిలబడే తాగుతాడు. ఆదివారం చర్చిలో ప్రసంగం కాస్త సాగిందంటే చాలు, బయటికొచ్చి పచార్లు మొదలు. పాస్టరుగారికి అలవాటైపోయింది గాని, కొత్తవాళ్లు పాపం కడుపునొప్పేమో అనుకుంటారు.

కూర్చున్నాడా, కుడికాలు ఊరుకోదు. వేళ్లు నేలను నొక్కుతాయి, పిక్క రాయిలా బిగుస్తుంది, మోకాలు వణుకుతుంది. ఎదురుగా ట్రాక్టరూ లేదు, బ్రేకూ లేదు. అయినా తొక్కుతూనే ఉంటుంది. ఆరేళ్లుగా ఇదే వరస.

ఆరేళ్ల కిందట అతను చెరుకు ట్రాక్టరు డ్రైవరు. చెరుకు నింపే పోశన్న పక్కనే మడ్‌గార్డు మీద కూర్చుని ఫ్యాక్టరీ దాకా ముచ్చట్లు చెబుతూ వచ్చేవాడు. దారిలో పిల్లలు ట్రాలీ వెనక పరుగెత్తి గడలు లాక్కోవడం ఈ ప్రాంతంలో ఎవరూ దొంగతనం కింద లెక్కగట్టరు. కాని ఆ రోజు మరీ మోపులకు మోపులే గుంజుతున్నారు.

"నువ్వు మీదికెక్కి కూసో పోశన్న, పోరగాండ్లను జర అదిలియ్యి" అన్నాడు శాంతి కుమార్.

పోశన్న నవ్వుతూ ట్రాలీలో చెరుకు మీదికి ఎక్కాడు. రెండు మలుపులు దాటాక కాలువ దగ్గర ఒక దూడ అడ్డమొచ్చింది. బ్రేకు తొక్కాడు. వెనక ట్రాలీ ముందుకు తోసుకొచ్చి, పక్కకు ఒరిగి, కాలువలో పడింది. ఊరంతా కలిసి చెరుకు తొలగించేసరికి కింద పోశన్న ప్రాణం పోయింది. దూడ మాత్రం నిక్షేపంగా ఇంటికి వెళ్లింది.

ప్రమాదమన్నారు అందరూ. పోలీసులూ అదే రాసుకున్నారు. పోశన్నను పైకెక్కించింది ఎవరని ఎవరూ అడగలేదు, ఇతనూ చెప్పలేదు. ఆ మాట గొంతులో ఉండిపోయింది, తొక్కిన కాలు తొక్కినట్టే ఉండిపోయింది. ఆ తర్వాత బస్సు ఎక్కలేదు, ఆటో ఎక్కలేదు, ఎక్కడికైనా నటరాజ సర్వీసే. రుద్రూరులో ఉన్న పోశన్న తల్లి లింగవ్వ ముఖం చూడటానికి కాళ్లు రాలేదు. పిరికితనమే అది, వేరే పేరు ఎందుకు!

ఆ కాలి సంగతి మొదట కనిపెట్టింది షారోన్ మేడమ్. నిజామాబాద్ అమ్మాయి, వారానికి మూడు రోజులు సెంటరుకు వస్తుంది. మనసుకు తగిలిన దెబ్బ ఒంట్లో ఎక్కడ దాక్కుంటుందో చదువుకున్న మనిషి. ఏం జరిగిందో చెప్పమని ఒక్కనాడూ అడగలేదు. అడిగితే ఆ రోజే పని మానేసేవాడు.

"కథ నాకొద్దన్న. కాలు ఏం చేస్తనంటదో గది చెయ్యనియ్" అంది.

గోడకు పాదం ఆనించి, మెల్లగా తొక్కమంది. ఎంతసేపు తొక్కాలనిపిస్తే అంతసేపు. వణుకొస్తే ఆపొద్దంది. మొదటిసారి వణుకు తొడ దాకా పాకినప్పుడు అతను సిగ్గుతో చచ్చిపోయాడు.

"గింత పెద్దమనిషిని, గీ గజగజ వణుకుడేంది మేడమ్!"

"వణకనియ్యన్న. ఆరేండ్ల సంది బిగవట్టినవు, ఒక్కపూటల పోతదా?"

రెండు నెలలుగా రోజూ సాయంత్రం గోడను తొక్కుతున్నాడు. కొంచెం నయమే. ఈమధ్య సగం చాయ్ కూర్చుని తాగుతున్నాడు.

ఇవాళ చాపలు తుడుస్తుండగా పదకొండింటికి ఫోను మోగింది. పోశన్న చెల్లెలు నవత.

"అన్నా, అవ్వకు మంచిగ లేదు. డాక్టర్లు ఇంటికి తోల్కపొమ్మన్నరు. పొద్దటి సంది నీ పేరే తీస్తున్నది. జల్ది రా."

రుద్రూరుకు నడిస్తే నాలుగు గంటలు. అప్పటిదాకా లింగవ్వ ఉంటుందో లేదో. తడిగుడ్డ పిండుతూ గది చుట్టూ మూడుసార్లు తిరిగాడు. పోతే ఆ తల్లి కళ్లలోకి చూడాలి. పోకపోతే చెప్పాల్సిన మాట ఇక ఎవరికీ చెప్పలేడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"బస్సుల కాలు ఆగకపోతే ఎట్ల మేడమ్?"

"ఆపకు. ముందర సీటు కింద కడ్డీ ఉంటది, దాన్నే తొక్కు. కండ్లు మూసుకోకు, బయటికి చూడు."

బస్సు కదిలిందో లేదో కాలు బిగుసుకుంది. కడ్డీ మీద పాదం పెట్టి మెల్లగా తొక్కాడు. పక్కన కూరగాయల గంపతో కూర్చున్న ఆవిడ కాసేపు చూసి ఇక ఉండబట్టలేకపోయింది.

"డ్రైవరు మీద భరోసా లేదా అన్నా, నువ్వు గూడ తొక్కుతున్నవు?"

"లేదక్కా" అన్నాడు నిజాయితీగా. బస్సులో నలుగురు నవ్వారు.

ట్రాలీ పడ్డ కాలువ వచ్చింది. కళ్లు మూసుకోబోయి ఆగాడు. ఎవరో ఆడవాళ్లు గట్టున బట్టలు ఉతుక్కుంటున్నారు. వణుకు పాదంలో పుట్టి నడుము దాకా వచ్చింది. ఆపలేదు. కళ్లవెంట నీళ్లు కారిపోతుంటే రుద్రూరు దాకా అలాగే కూర్చున్నాడు.

లింగవ్వను అప్పటికే మంచం మీంచి దించి చాప మీద పడుకోబెట్టారు. అంటే ఆశ లేదన్నమాట. ఎముకల గూడు మిగిలింది మనిషి. అతను చాప పక్కనే కూలబడ్డాడు. నవత నీళ్ల చెంబు పట్టుకుని నిలబడింది.

"అవ్వా, నేను శాంతిని."

లింగవ్వ కళ్లు తెరిచింది.

"పోశన్నను మీదికెక్కి కూసోమన్నది నేనే అవ్వా. నేను అనకుంటే నా పక్కన్నే ఉండెటోడు. ఎవ్వలకు జెప్పలే."

నవత చెంబు కింద పెట్టింది. లింగవ్వ తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"ఆరేండ్లు ఒక్కదాన్నే ఏడ్సిన బిడ్డా" అంది లింగవ్వ. "నువ్వొస్తే ఇద్దరం ఏడుద్దుము గద."

కుడికాలు నేలను నొక్కుతోంది. ముసలమ్మ చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆ పాదం మీద ఆగింది.

"కాలు గిట్ల రాయి జేసుకున్నవేంది?"

బొటనవేలితో నెమ్మదిగా రాసింది. పసిపిల్లలకు నూనె రాసినట్టు రాసింది. పాదం ఒక్కసారి గట్టిగా అదిరింది, ఇంకోసారి అదిరింది, తర్వాత నేల మీద మెత్తగా పరుచుకుంది. అతను వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎంతసేపు ఏడ్చాడో, పాదం మీది చెయ్యి బరువెక్కినట్టనిపించి చూశాడు. నిద్రపోయిందనుకున్నాడు. నవత "అవ్వా" అని రెండుసార్లు పిలిచింది. పలకలేదు.

పొద్దుగూకక ముందే ఎత్తాలన్నారు. కొడుకు లేని తల్లికి ముందు పక్క భుజం ఎవరిదన్న మాట వచ్చింది.

"శాంతన్న పడతడు" అంది నవత.

"ఆయన చర్చిల మనిషి గదనే" అన్నాడొక పెద్దాయన.

"అయితేంది? అవ్వ పిలిచింది ఆయన్నే."

డప్పు మోగింది. శాంతి కుమార్ వట్టికాళ్లతో వచ్చి పాడె కింద భుజం పెట్టి, కుడిపాదం ఎత్తి ముందుకు వేశాడు. జనమంతా వెనకే కదిలారు.

గడప పక్కన అతని చెప్పులు మిగిలాయి. ఎడమది ఇంకా గట్టిగానే ఉంది, కుడిది బొటనవేలి కింద అరిగి, అరిగి, చిల్లుపడి మట్టి కనిపిస్తోంది.