బిందెల వరసలో నీలం డబ్బా

నేను ఒక నీలం డబ్బాను, టీకా మందు మోసే డబ్బాను. మందపాటి గోడలు, బిగువైన మూత, కడుపులో నాలుగు మంచు పలకలు. ఎప్పుడూ ఒకటే గుబులు, మంచు కరిగిపోతోందని. నన్ను పోతపోసినవాడు అన్నీ పోశాడు గానీ, ఓపిక పోయడం మరిచాడు.

ముగ్గురు నర్సుల భుజాలు అరగదీసి, చివరికి హైదరాబాదులో నల్లగుట్టల బస్తీకి తిరిగే ఫిలోమినా సిస్టర్ చేతికొచ్చాను. ఆ బస్తీలో పాలమూరు మేస్త్రీలు, ఒడిశా కూలీలు, గాజులమ్మే ముస్లిం కుటుంబాలు. భాషలు మూడు, నీళ్ళ ట్యాంకరు ఒకటే.

ప్రతి బుధవారం సిస్టర్ నన్ను గల్లీ లీడరు గుండప్ప అరుగు మీద దించేది. అక్కడ ఫ్యానుంది. మనుషులు గాలి తగిలేచోటే కూర్చుని, జనమంతా అక్కడికే రావాలనుకుంటారు. వచ్చేది మాత్రం గుండప్ప గల్లీ పిల్లలే. మిగిలిన మందు నాతోపాటే వెనక్కి. "చెప్తే వినే జనం కాదు" అని సిస్టర్ రిజిస్టరు మూసేది.

ఆ ఎండాకాలం బస్తీలో తట్టు లేచింది. ఒడియా కూలీ కూతుర్ని ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద పెట్టారు. ఆ పాప పక్కింట్లోనే గాజుల రజియాబీ మనవడు, పది నెలలవాడు. ఇంకా సూది పడలేదు. సిస్టర్ నన్ను భుజానేసుకుని పరుగున వెళ్ళేసరికి, రజియాబీ మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని ట్యాంకరు కోసం బిందెల వరస దగ్గర కూర్చుంది.

"ఖాలా, పిల్లోణ్ణి తీసుకొని రా. పక్కింట్లనే తట్టుంది."

"గుండప్ప మందు మాకొద్దమ్మా."

"ఆయన మందేంది? సర్కారుది."

"మరి ఆయనింట్ల ఎందుకు కూసుంటవ్? సూదేసినంక జరమొస్తే నిన్ను యాడ ఎతకాలె? ఆయన గేటుకాడ మమ్మల్ని నిలవడనిస్తడా?"

సిస్టర్ గుండప్ప గేటు వైపు చూసింది.

"మరి యాడ కూసోమంటవ్?"

రజియాబీ తన బిందె కాస్త జరిపింది. "ఈడ, లైన్ల. మా లెక్కనే."

ఆ బస్తీకో ధర్మముంది. బిందె పెట్టి ఎటుపోయినా దాని చోటు దానిదే. గుండప్ప కూడా ఒకరి బిందె ముట్టడు. నన్ను ప్లాస్టిక్ బిందెకూ ఇత్తడి బిందెకూ నడుమ దించారు. గోనెసంచి తడిపి కప్పారు గానీ పైన ఎండ, లోపల మంచు, ట్యాంకరు జాడ లేదు, సూదికి ఎవరూ లేవరు.

పాలమూరు మణెమ్మ చంకలో బిడ్డతో వంగి చూసింది. "ఇదేం బిందెనే, మూతి లేదు?"

"నీకున్నది చాలదా?" అంది రజియాబీ. వరసంతా నవ్వింది.

సిస్టర్ అట్టముక్క మీద తన ఫోన్ నంబరు రాసి నా పిడికి కట్టింది. "జరమొస్తే నాకే చెయ్యండ్రి. నేనే వస్త." రజియాబీ ఆ అంకెల్ని పైకి చదివించుకుని, మనవడి తొడ ముందుకు పెట్టింది. తర్వాత మణెమ్మ బిడ్డ, ఆ వెనక వరసలోని మిగతా పిల్లలు. ట్యాంకరు హారను వినపడేసరికి నా కడుపు ఖాళీ.

వారానికి రజియాబీ మనవడి ఒళ్ళు వెచ్చబడింది. ఫోన్ వెళ్ళింది, సిస్టర్ వచ్చింది. సూది జ్వరమే, రెండ్రోజుల్లో తగ్గింది. తట్టు వాడి జోలికి రాలేదు. సిస్టర్ వచ్చిన సంగతి మాత్రం మూడు భాషల్లోనూ పాకింది.

నా గొళ్ళెం విరిగాక పనికిరాదని తీసేశారు. రజియాబీ అడిగి తెచ్చుకుంది. ఇప్పుడు నాలో మంచు లేదు, గాలికి దొర్లకుండా ఒక రాయుంది. బిందెకు బదులు వరసలో నేనే కూర్చుంటాను. గుబులు మాత్రం కరగలేదు. బుధవారం వస్తే చాలు, కొత్త డబ్బా మా వరసలో దిగిందా, మళ్ళీ ఫ్యాను కిందికి పోయిందా అని మూత సందులోంచి చూస్తూనే ఉంటాను.