ఉత్తరం వైపు గోల్ స్తంభాలు

నెబ్రాస్కాలోని వెస్టర్‌బీ కాలేజీ ఫుట్‌బాల్ స్టేడియాన్ని, మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన విద్యార్థుల పేరుమీద వాళ్ల తోటివాళ్లే ఇటుకలు మోసి కట్టారు. అలా మోసినవాళ్లలో వెండెల్ వాళ్ల తాత ఒకడు. తర్వాత వెండెల్ ఆ మైదానంలోనే ఆడాడు. తర్వాత తన భార్య అయిన ఆర్డిత్‌ని మొదట చూసిందీ అక్కడే. చనిపోయేముందు ఆమెను ఒకటే కోరాడు.

"నన్ను శ్మశానంలో పెట్టకు. గోల్ స్తంభాల దగ్గర చల్లెయ్."

కాలేజీవాళ్లు కాదంటారేమోనని ఆర్డిత్ అడగనే లేదు. ఒక ఆదివారం ఉదయం, చర్చికి వేసుకెళ్లే కోటుతోనే, తెరిచి ఉన్న గేటులోంచి వెళ్లి, ఉత్తరం వైపు స్తంభాల కింద గడ్డిలో ఆయన చితాభస్మం చల్లి వచ్చింది. పిల్లలు లేరు, చెప్పుకోవడానికి ఎవరూ లేరు. అప్పట్నుంచి శనివారాలు ఆటకు వెళ్లినా ఆమె చూపు బంతి వెంట పోయేది కాదు.

ఈ వేసవిలో స్టేడియం బాగుచేయడం మొదలుపెట్టారు. చెక్క బెంచీలు పోయి కుర్చీలు వస్తున్నాయి. గడ్డి పోయి ప్లాస్టిక్ గడ్డి వస్తోంది. కంటి ఆపరేషన్ అయి ఇల్లు కదలని ఆర్డిత్‌కు ఆ కబురు ఆలస్యంగా అందింది. ఆమె వెళ్లేసరికి మైదానమంతా కంకర.

"హెల్మెట్ లేకుండా రాకూడదమ్మా," అంటూ మేస్త్రీ కుచేరా ఎదురొచ్చాడు.

"ఇక్కడి మట్టి ఏం చేశారు?"

"తోలేశాం. గుర్తుగా పాత గడ్డి ముక్క కావాలంటే ఇప్పిస్తాను. మా బావమరిది తన వాకిట్లో నాటుకుని, కుక్కని కూడా తొక్కనివ్వట్లేదు."

ఆమె నవ్వలేదు. "మా ఆయన ఉన్నాడు అందులో."

కుచేరాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. హెల్మెట్ తీశాడు. "ఎటువైపు?"

"ఉత్తరం."

"అటువైపుదంతా రైతు హోలెట్జ్ పొలంలో పల్లం పూడ్చడానికి పోశాం. రండి, బండెక్కండి."

మొక్కజొన్న చేల మధ్య ఆ చోటు అప్పటికే చదునైపోయింది. ఆర్డిత్ దిగి నిలబడింది.

"ఎక్కడని చూడను?"

"నాకూ తెలీదమ్మా." కుచేరా వెళ్లి బండి దగ్గర అటు తిరిగి నిలబడ్డాడు.

ఆమె వంగి గుప్పెడు మట్టి తీసుకుంది. ఇదే అని ఎవరు చెబుతారు? వేళ్లు వదులు చేసి మట్టి కిందికి జారనిచ్చింది.

శరదృతువులో కొత్త స్టేడియంలో తొలి ఆట. ఊరంతా అక్కడే ఉంది. ఆర్డిత్ మాత్రం కారు తీసుకెళ్లి ఆ పొలం గట్టున ఆపి రేడియోలో ఆట పెట్టింది. ట్రాక్టర్ మీద పోతున్న హోలెట్జ్ ఆగాడు.

"ఎవరిది పైచేయి?"

"మనవాళ్లదే."

"ఏమన్నా కావాలా మీకు?"

"ఏం వద్దు."

అతను వెళ్లిపోయాడు. ఆర్డిత్ పొలం వైపు అద్దం దించి, రేడియో గొంతు కొంచెం పెంచింది.