తల ఒకరింట, కాళ్ళొకరింట

కంప్యూటరు పాఠాలు చెప్పే పంతులమ్మకి రేడియోలో వారానికోసారి ప్రసంగం ఉంది. ఎంత చిక్కు లెక్కయినా పిల్లల నుంచి బామ్మల దాకా అందరికీ అర్థమయ్యేలా చెబుతుందని పేరు. ఆ పేరు ఆవిడ నెత్తికెక్కలేదని మాత్రం ఎవరూ అనలేరు.

ఈ వారం 'డెడ్‌లాక్' గురించి చెప్పింది. "కంప్యూటర్లో రెండు పనులు నడుస్తున్నాయి. రెంటికీ అవే రెండు వస్తువులు కావాలి. ఒకటి దీని చేతిలో ఉంది, రెండోది దాని చేతిలో. నువ్వు ముందివ్వంటే నువ్వు ముందివ్వని రెండూ బిగదీసుక్కూర్చున్నాయి. ఇక పని సాగేదెలా?" అని, ఉదాహరణ కోసం తడుముకుని, నోటికొచ్చింది అనేసింది. "ఒక కుట్టుమిషను. పైనుండే తల అక్క దగ్గర, కింద తొక్కే స్టాండు చెల్లెలి దగ్గర. ఇద్దరూ కుట్టలేరు. మందు చాలా తేలిక. ఎవరో ఒకరు పట్టు వదలాలి."

ఇంటికొచ్చేసరికి మొగుడు రేడియో పక్కన కూర్చుని ముసిముసిగా నవ్వుతున్నాడు.

"ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడిందట!"

ఆవిడకి ఒళ్ళు మండింది. ఆ అక్క తనే. అమ్మ పోయాక సామాను పంచుకున్న రోజున మాటామాటా పెరిగి, అమ్మ మిషను రెండు ముక్కలై రెండిళ్ళకి చేరింది. అప్పట్నుంచీ చెల్లెలితో మాటల్లేవు. మిషను పోతే పోయింది, చెల్లెలు లేకుండా ఆవిడకి పొద్దు గడవడం లేదు. ఆ సంగతి ఒప్పుకోవడమే ప్రాణసంకటంగా ఉంది.

మర్నాడు పొద్దున్నే మిషను తలని పాత దుప్పట్లో చుట్టి మొగుడి చేతికిచ్చింది. "దానికిచ్చి వచ్చెయ్యండి. ఎక్కువ మాట్లాడకండి."

ఆయన తిరిగొచ్చేసరికి ఆవిడ నడుం మీద చేతులేసుకుని గుమ్మంలో ఉంది. వెనక హాల్లో స్టాండు ఉంది. చెల్లెలి మొగుడు దించేసి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

"దార్లో మీ తోడల్లుడు ఎదురుపడలేదా?"

"పడ్డాడు. కలిసి టీ కూడా తాగాం."

"రెండూ ఒకచోటికి చేర్చాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదా?"

"నన్ను ఇచ్చి రమ్మన్నావు. ఆయన్నీ ఇచ్చి రమ్మన్నారు. చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే కంప్యూటరు గొప్పతనమని నువ్వే కదా అంటావు!"

పంతులమ్మకి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. చెల్లెలు రేడియో విందన్నమాట! విని తనూ పట్టు వదిలింది. ఇద్దరూ ఒకేసారి వదిలేసరికి కథ మళ్ళీ మొదటికొచ్చింది. ఇరుకు సందులో ఎదురైన ఇద్దరు మర్యాదస్తులు ఒకే పక్కకి తప్పుకుంటున్నట్టుంది వ్యవహారం. దీనికీ 'లైవ్‌లాక్' అని ఒక పేరుంది, దీని మీదా ఆవిడ గంటసేపు మాట్లాడగలదు.

"ఇది మళ్ళీ పంపిచ్చెయ్యనా?"

"మా మరదలూ పంపిచ్చేస్తే?"

ఫోను తీసింది. ఎంగేజ్. కాసేపాగి మళ్ళీ చేసింది. ఎంగేజే. అవతల కూడా ఇదే జరుగుతోందని అర్థమైపోయింది. ఇలాంటి చోట కంప్యూటర్లకి ముందే ఒక వరస పెట్టి ఉంచుతారు, చిక్కొచ్చిపడితే ఫలానాదే ముందు కదలాలని. ఇక్కడ ఆ వరస అమ్మే పెట్టింది, తనని ముందు కని. పంతులమ్మ చెప్పులేసుకుంది.

చెల్లెలి ఇంటి తలుపు తట్టబోతుండగానే అది తెరుచుకుంది. చెల్లెలు తాళంచెవి పట్టుకుని బయల్దేరుతోంది.

"ఎక్కడికే?"

"నీ దగ్గరికే. ముందు పట్టు వదిలింది నేనని చెప్పి పోదామని."

"నువ్వా? నేను పొద్దున్నే పంపించాను!"

"నేను నీ ప్రసంగం అవగానే మూట కట్టించాను!"

పంతులమ్మ నోరు తెరిచింది. ఎవరు ఎప్పుడు బయల్దేరారో, కట్టడం వేరు పంపడం వేరని ఎందుకనాలో చెప్పడానికి బోలెడుంది. అప్పుడు చూసింది, చెల్లెలి గడ్డం వణుకుతోంది.

"సరే. నువ్వే ముందు," అంది.

చెల్లెలు నిర్ఘాంతపోయింది. బుద్ధెరిగాక అక్క ఒక్క వాదనలోనైనా ఓడిపోవడం చూడలేదు. కళ్ళంట నీళ్ళు జలజలా కారిపోయాయి.

"అలా ఒప్పేసుకుంటే ఎలాగే అక్కా! నేనింకా బోలెడు పోట్లాడాలనుకున్నాను."

"అయితే దారివ్వు," అంది అక్క, తనూ కళ్ళు తుడుచుకుంటూ. "లోపల కూర్చుని పోట్లాడుకుందాం."