నేల తడవకూడదట

ఫైరింజన్ ట్యాంకులోంచి నీళ్ళు తీసేయమన్నది రాష్ట్ర సెనేటర్ గారు కాదు, ఆయన వెంట తిరిగే ప్రెస్కాట్. ట్యాంకు అడుగున చిల్లు ఉంది. అతుకు మీద అతుకు వేయిస్తూ ఆర్లీన్ ఆ డొక్కు బండిని లాక్కొస్తోంది. టార్కిల్ లోయలో జీతాల్లేని అగ్నిమాపక దళానికి ఆవిడే చీఫ్. బీన్సు, మొక్కజొన్న రొట్టెల విందులు పెట్టి, టిక్కెట్లమ్మి డీజిల్ పోయిస్తుంది. కొత్త ఇంజనుకి రాష్ట్రం డబ్బిస్తుందని ఎదురుచూసి ఆవిడ కళ్ళు కాయలు కాచాయి.

ఇంజనూ, రాష్ట్ర రిజర్వు సైనికులూ ఉండేది ఒకే షెడ్డులో. సెనేటర్ గారు రాష్ట్రం తరఫున చెక్కు ఇచ్చే సభ కూడా అక్కడే.

“నేల తడిస్తే ఫోటో అసహ్యంగా వస్తుంది మేడమ్. సారు బూట్లు కూడా పాడవుతాయి. కాసేపే కదా!” అన్నాడు ప్రెస్కాట్.

“ఆ కాసేపట్లో ఎవరి కొంపైనా అంటుకుంటే?”

“ఇవాళే అంటుకోవాలా ఏమిటి? మీ ఇంజను సంగతి సారు మనసులో ఉంది. తర్వాత మీ ఇష్టం.”

ఆ మాటకే ఆర్లీన్ పడిపోయింది. వెళ్ళి తనే ట్యాంకు మర తిప్పి నీళ్ళు వదిలేసింది.

“నువ్వేనా చీఫ్ ఈ పని చేస్తోంది?” అన్నాడు వెండెల్. అతను రిజర్వులో సార్జెంటు, సైరన్ మోగితే ఇంజను డ్రైవరు కూడా.

“నోర్మూసుకుని చీపురందుకో. కొత్త బండొస్తే తాళం నీకే ఇస్తాలే.”

సెనేటర్ గారు వచ్చారు. తలుపంత అట్టచెక్కు ఎత్తి పట్టుకుని, త్యాగాలనీ వీరులనీ చాలాసేపు దంచారు. తీరా చూస్తే ఆ డబ్బు దేనికి? షెడ్డు ముందు ఇత్తడి గేటుకి, మూడు జెండా స్తంభాలకి, ఆయన పేరు చెక్కే రాతిపలకకి. సైనికులు అడిగిన హీటర్లు లేవు. ఇంజను ఊసే లేదు.

“గేటట! చలికి మావాళ్ళ పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే గేటట!” అని గొణిగాడు వెండెల్.

ఆర్లీన్‌కీ అది వినబడింది. అయినా ఫోటో కోసం పళ్ళికిలించింది. ఛీ, తనూ ఒక మనిషేనా అనిపించింది.

సరిగ్గా అప్పుడే సైరన్ మోగింది. కొండ మీద ఓపల్ టాకెట్ ఇల్లు అంటుకుంది. అందరూ ఎగిరి బండెక్కారు. ఎక్కడికెళ్ళొచ్చినా కాఫీ తాగకముందే ట్యాంకు నింపి పెట్టడం ఆ దళానికి అలవాటు. అందుకే బయల్దేరేటప్పుడు నీటి మట్టం చూపే ముల్లు చూసే అలవాటు ఎవరికీ లేదు. సగం కొండెక్కాక ఆర్లీన్‌కి గుర్తొచ్చింది.

“వెండెల్, నీళ్ళు! ట్యాంకు ఖాళీ!”

“ఓరి దేవుడా! వెనక్కి తిప్పనా?”

“ఆ ఇల్లు అంతసేపు ఆగదు. బండి పైకే పోనీ, వాగులోంచి తోడదాం.”

వాగు ఇంటికి బాగా దిగువన ఉంది. గొట్టాలు దించి, పంపు బిగించి, నీళ్ళు పైకెక్కకముందే కప్పు కూలి, ఇల్లంతా బూడిదైపోయింది. ఓపల్ ముసలమ్మ బొంత కప్పుకుని వాకిట్లో నిలబడి ఉంది. ప్రాణం దక్కింది కానీ, ఒంటి మీది బట్టలు తప్ప ఇంకేం మిగల్లేదు.

“పైపు పట్టుకుని అలా నిలబడిపోయావేం తల్లీ? నీళ్ళేవే?” అంది ఓపల్. “మీ విందులకి బీన్సు వండిపెట్టేది నేనే కదే. ఆ డబ్బుతో నీళ్ళు కూడా రావా?”

వెండెల్ తల తిప్పుకున్నాడు.

సాయంత్రం ఒంటి నిండా మసితో ఆర్లీన్ ట్యాంకు నింపుతుంటే ప్రెస్కాట్ ఫోన్ చేశాడు.

“పాపం, విన్నాం మేడమ్. సారు చాలా బాధపడ్డారు. కానీ మీరంతా ఒక్కసారిగా పరిగెత్తేసరికి ఫోటోలన్నీ చెడిపోయాయి. రేపు మళ్ళీ పెట్టుకుందామా? కాస్త నేల మాత్రం...”

“తడవకూడదు. అంతేగా?”

“అంతే, అంతే.”

ట్యాంకు కింద అప్పుడే చిన్న మడుగు కట్టింది. ఆర్లీన్ దాన్ని చూస్తూ, “రేపు మీ సారుని తిన్నగా ఓపల్ వాకిట్లోకి తీసుకురా. అక్కడ తడి ఉండదు. మేం వెళ్ళింది వట్టి ట్యాంకుతో కదా,” అంది.