అమ్మణి జీతం

జూజువాడిలో జగన్నాథ్‌ది చెక్కపెట్టెలు చేసే కంపెనీ. పేరుకు ప్రైవేట్ లిమిటెడ్. వాటాదారులు మొగుడూ పెళ్లామూ, అంతే. పనివాళ్లకు మధ్యాహ్నం తిండి మాత్రం మొదటినుంచీ అతని తల్లి అమ్మణి వండి పెట్టేది. అన్నం పెట్టి లెక్క రాసుకుంటే పాపమని ఆ ఇంటి నమ్మకం. అందుకే సరుకులకు జగన్నాథ్ సొంత జేబులోంచే తీసేవాడు. కంపెనీ లెక్కలో ఆ ఖర్చు కనబడదు కాబట్టి లాభం ఎక్కువ తేలేది, పన్నూ ఎక్కువే పడేది. పుణ్యం పుణ్యమే, పన్ను పన్నే!

ఈ ఏడు ఆర్డర్లు తగ్గాయి. జగన్నాథ్‌కు కొత్త ఆలోచన పుట్టింది.

"మెస్సులో చెప్పేస్తానమ్మా. వాళ్లు బిల్లిస్తారు, ఖర్చులో రాసుకోవచ్చు. నువ్వు రెస్టు తీసుకో."

రెస్టు! భర్త పోయిన దుఃఖంలో అమ్మణిని మంచం మీదినుంచి లేపింది ఆ పొయ్యే. అది ఆరిపోతే పొద్దున్నే దేనికోసం లేవాలి? ఆ పూట పులుసులో ఉప్పు మరిచిపోయింది.

మర్నాడు ఆడిటరు లక్ష్మీప్రియ లెక్కలు చూడడానికి వచ్చి, వాళ్లింట్లోనే భోజనానికి కూర్చుంది. రాగిముద్ద తుంచుతూ సంగతంతా వింది.

"మెస్సు ఎందుకు, అన్నా? బియ్యం, బేళ్లు కంపెనీ పేరున కొనండి. అమ్మకు బ్యాంకులో జీతం వేయండి. అంతా కంపెనీ ఖర్చే."

"కన్నతల్లికి జీతమా? పన్ను ఆఫీసరు ఒప్పుకుంటాడా?"

"సొంత మనిషైతే ఏమి? పని నిజంగా చేయాల, జీతం బయటి రేటుకు మించకూడదు. బయట ఇంతమందికి వండేదానికి ఎంత అడుగుతారో విచారించినారా?"

జగన్నాథ్ ఎన్నడూ విచారించలేదు. తల వంచుకుని మజ్జిగ కలుపుకున్నాడు.

అమ్మణికి జీతం మీద ఆశ లేదు. పొయ్యి నిలిచింది, అది చాలు. "నీ కడుపు చల్లగుండ, తల్లీ!" అని లక్ష్మీప్రియ చెయ్యి పట్టుకుంది. కళ్లనీళ్లు ఆగలేదు.

ఈ వార్త షెడ్డులోనూ పాకింది. మొదటి జీతం పడిన రోజు వడ్రంగి మారియప్ప ముద్ద ముట్టకుండా కూర్చున్నాడు.

"ఇన్నేండ్లూ మీ ఇంటన్నం తింటా ఉండామనుకుంటిమి, అమ్మణమ్మా. ఇంక ఇది కంపెనీ అన్నమంట గదా."

అమ్మణికి చురుక్కుమంది. గరిటె అందుకుంది.

"బియ్యం కంపెనీవే మారియప్పా. వండినందుకు జీతమూ తీసుకుంటా ఉండాను. నువ్వు చాలు చాలంటే వినకుండా పెడతానే, దానికి మాత్రం ఎవురూ బిల్లు అడగలేదు."

అంటూనే, అతను చెయ్యి అడ్డం పెట్టినా వినకుండా, ఇంకో గరిటె పులుసు పోసింది.