ఎజ్రా పక్కన చోటు

నేను ఒక హీబ్రూ ప్రార్థనల పుస్తకాన్ని. అచ్చుయంత్రాలు లోకానికింకా వింతగా ఉన్న కాలంలో వెనిస్ నగరంలో పుట్టాను. బాగ్దాదూ బొంబాయీ దాటి, చివరికి సికింద్రాబాదులో గడియారాలు బాగుచేసే ఎజ్రా చేతికి చేరాను. ఆయన రోజూ చదివి చదివి నా అట్ట ఊడగొట్టాడు. నాకు అదే సుఖంగా ఉండేది.

దేవుడి పేరున్న పుస్తకం చిరిగిపోతే యూదులు పారేయరు, కాల్చరు. మనిషిని పాతినట్టే పాతిపెడతారు. అందుకే ఎజ్రా పోయిన రోజు, ఆయన అక్క సలీమా నన్ను తమ్ముడి పక్కనే ఉంచాలనుకుంది.

అప్పుడు దిగాడు ముక్కామల చలపతి. ఎజ్రాకు స్నేహితుడే, కానీ పాత పుస్తకమంటే పడిచచ్చే రకం. "ఫొటోలు తీసుకుని గంటలో తెచ్చేస్తానమ్మా" అని బతిమాలి నన్ను పట్టుకెళ్లాడు. చెప్పినట్టే తెల్లగుడ్డ మూట తెచ్చిచ్చాడు. అందులో ఉన్నది పాత టెలిఫోను డైరెక్టరీ. సలీమా మూట విప్పలేదు. కళ్లకద్దుకుని గోతిలో పెట్టించింది.

నేను చలపతి ఇంట్లో అద్దాల పెట్టెకెక్కాను. వచ్చిన స్నేహితులంతా ఆహా ఓహో అన్నారు. ఆ పొగడ్తలకు నేనూ ఉబ్బిపోయాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చలపతి బాగుచేయమని ఇచ్చిన గడియారం ఎజ్రా కొట్టులోనే ఉండిపోయింది. దాన్ని ఇచ్చిపోదామని ఒకరోజు సలీమా వచ్చి నన్ను చూసింది.

"మరి నా తమ్ముని పక్కన పెట్టింది ఏంది సారూ?"

చలపతి నేలచూపులు చూస్తూ చెప్పాడు. ఆమె తెచ్చిన గడియారాన్ని బల్ల మీద పెట్టింది.

"నాకు చెప్తే ఏం లాభం? చచ్చినోళ్లకు తప్పు చేస్తే పదిమందిని తోల్కపోయి, గోరీ కాడ నిలబడి ఒప్పుకోవాలె. మా రివాజు అది. ఈ ఊర్ల మావోళ్లు పదిమంది ఏడున్నరు? నీ దోస్తులనే తీస్కరా."

మర్నాడు చలపతి నన్ను చంకలో పెట్టుకుని, నన్ను పొగిడిన ఆ స్నేహితులనే గోరీ దగ్గరికి తీసుకొచ్చాడు. ఎందుకో చెప్పే ధైర్యం లేదు పాపం. "ఎజ్రా, నీ పుస్తకం నేను దొంగిలించాను. నీ పక్కన..." అని ఆగిపోయాడు. స్నేహితులు మొహమొహాలు చూసుకున్నారు.

"మొత్తం చెప్పు సారూ" అంది సలీమా.

మొత్తం చెప్పాడు. చెప్పి, కూర్చుని, గోరీ పక్కన తన చేతులతోనే మట్టి తవ్వాడు. నన్ను లోపల పెట్టబోతూ, అలవాటు కొద్దీ మళ్లీ ఒక్క పేజీ తిప్పబోయాడు. సలీమా చూస్తోందని గ్రహించి గబుక్కున మూసేశాడు.