రెంటచింతల ఎండలో స్వెట్టరు

నేను ఒక ఊలు స్వెట్టరుని. ముదురు ఎరుపు రంగు, ముందు గుండీలు, పక్కన రెండు జేబులు. ఉండేది పల్నాడులో, రెంటచింతలలో. ఆ ఊరి పేరు వినగానే మీకు నవ్వొస్తుందని తెలుసు. వేసవి వచ్చిందంటే పేపర్లో ఎండల వార్త ఆ ఊరి పేరుతోనే మొదలవుతుంది. అక్కడ స్వెట్టరుకేం పని అంటారు. సిమ్లాలో ఉన్న నా తోటివాళ్ళెవరూ నేను చేసినంత పని చేసి ఉండరు. వినండి, మీరే ఒప్పుకుంటారు.

లూధియానా మిల్లులో పుట్టాను. ఒక టిబెట్టు ఆమె నన్ను మూటగట్టి గుంటూరు తెచ్చి, రోడ్డు పక్కన తాడు మీద వేలాడదీసింది. విన్సెంటు అనే లారీ డ్రైవరు కొన్నాడు. కాశ్మీరు నుంచి ఆపిల్ లోడు తేవడానికి వెళ్తున్నాడు పాపం. ఆ ఒక్క ట్రిప్పే. తిరిగొచ్చాక, "జన్మలో మళ్ళీ ఆ చలి మొహం చూడను" అని, రెంటచింతలలో అక్క ఇంట్లో ట్రంకుపెట్టెలో నన్ను పడేసి పోయాడు. కలరా ఉండల వాసన పీల్చుకుంటూ ఏళ్ళ తరబడి అందులోనే పడున్నాను.

ఆ అక్క పేరు ఆరోగ్యమ్మ. వేళాంగణ్ణి ఆరోగ్యమాతకి మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారట. ఆడపిల్లల హైస్కూల్లో పీఈటీ మేడం. ఖోఖో ఆడిస్తుంది. ఆమె విజిలు ఊదితే రోడ్డు మీద పోయే ఆటోలు కూడా ఆగేవని చెప్పుకునేవాళ్ళు. ఒకరోజు ఆ విజిలు తాడే మెడ పక్కన ఏదో గట్టిగా ఉన్నచోట ఒరుసుకుంది. బిళ్ళ కట్టింది. ముక్క తీసి పరీక్ష చేస్తే కేన్సరన్నారు. గుంటూరులో మందులు ఎక్కించారు, తర్వాత మెడకి కరెంటు పెట్టారు. రేడియేషన్ని మావైపు అలాగే అంటారు. జుట్టు ఊడింది, మళ్ళీ వచ్చింది. కేన్సరు పోయింది. గ్రౌండులోకి తిరిగొచ్చిన రోజు పిల్లలు ఆమెని భుజాలమీద ఎత్తుకుని తిప్పారు. ఇదంతా నేను పెట్టెలో ఉండగా జరిగింది. తర్వాత ఆమె నోటనే విన్నాను.

నన్ను బయటికి తీసింది ఆ తర్వాత చాన్నాళ్ళకి, ఏప్రిల్లో. ఆమె భర్త బాలశౌరి, కరెంటు లైన్‌మ్యాను, బనీను తడిసిపోయి ఫ్యాను కింద కూర్చున్నాడు. ఆరోగ్యమ్మ వచ్చి ఫ్యాను కట్టేసింది.

"ఏందే, చంపుతావా?" అన్నాడు.

"చలేస్తందయ్యా," అని పెట్టె తెరిచి నన్ను వేసుకుంది.

స్వెట్టరు వేడి పుట్టిస్తుందని మనుషులు అనుకుంటారు. నా దగ్గర వేడి ఎక్కడిది? మీ ఒంటి వేడిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతాను, అంతే. ఆమె ఒంట్లో పట్టి ఉంచడానికి ఏమీ దొరకలేదు నాకు. చర్మం ఎండిన తాటాకులా గరగరలాడింది. చేతులు కుండలో నీళ్ళంత చల్లగా ఉన్నాయి.

ఊరికి వేడుకైపోయాను. స్టాఫ్‌రూములో, "మేడం గారు ఊటీ నుంచి వచ్చారు" అనేవాళ్ళు. ఆమె గొంతు బొంగురుపోయింది. మొహం ఉబ్బింది. తినేది తక్కువ, ఒళ్ళు పెరిగేది ఎక్కువ. పిల్లల పేర్లు నాలుక చివరదాకా వచ్చి ఆగిపోయేవి. చెట్టుకింద కుర్చీలో కూర్చుంటే కునుకు పట్టేది. మనుషులకి ఒక వింత లెక్క ఉంది. పెద్ద జబ్బు నుంచి బయటపడ్డవాడు ఇక చిన్న జబ్బులకి మూలగకూడదు. "కేన్సర్నే గెలిచావు, ఇదొక లెక్కా?" అని ఒకరు, "బతికించాడు కదా దేవుడు, కృతజ్ఞత ఉండాలి" అని ఒకరు. ఊళ్ళో ఆర్ఎంపీ బలానికి టానిక్కు ఇచ్చాడు. అది తాగి ఇంకాస్త నిద్రపోయింది.

అసలు భయం మాత్రం ఎవరికీ చెప్పలేదు, ఒక్క బాలశౌరికి తప్ప.

"మళ్ళీ వచ్చిందేమోనయ్యా."

అతను చేతిలో పళ్ళెం కింద పెట్టేశాడు. "ఆ మాట అనమాక. మనసులో భయం పెట్టుకుంటే ఇట్టాగే చలేస్తది. గుడికి పోదాం, తొమ్మిది రోజుల ప్రార్థన చేయిద్దాం."

చెడ్డవాడు కాదు. ఎంత ఎత్తు స్తంభమైనా ఎక్కుతాడు గానీ, ఇంకోసారి ఆ ఆసుపత్రి మెట్లు ఎక్కే ధైర్యం అతనికి లేదు. ఆమెకీ లేదు. అందుకే ఇద్దరూ కలిసి నన్ను నమ్ముకున్నారు.

మే నెలలో వేసవి శిక్షణ పెట్టారు. పొద్దున్నే ఎండ నిప్పులు కక్కుతోంది. ఆరోగ్యమ్మ విజిలు నోట్లో పెట్టుకుంది. ఊదింది. గాలి వచ్చింది, మోత రాలేదు. మళ్ళీ ఊదింది. పిల్లలు ఆమె వైపు చూడకుండా నేల వైపు చూశారు. అప్పుడే హెడ్మాస్టరు గొడుగు వేసుకుని వచ్చారు.

"ఆరోగ్యమ్మ గారూ, ఈ యేటికి టీము ఆపేద్దాం. ఆడపిల్లల్ని ఎండలో పరిగెత్తిస్తున్నామని తల్లిదండ్రులు కూడా గొణుగుతున్నారు. మీరు లైబ్రరీలో నీడపట్టున కూర్చోండి. ముందు ఆ స్వెట్టరు విప్పండి. చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

ఆమె వేళ్ళు నా మీద గుండీ దాకా వచ్చాయి. విప్పేస్తుందనుకున్నాను. బిగించి పెట్టింది.

"విప్పను సార్."

"అదేంటి?"

"నాకు చలేస్తంది. ఈ ఎండలో మనిషికి చలెందుకేస్తదో ఒక్కరన్నా అడిగారా? నవ్వారు, సలహాలిచ్చారు. ఎందుకేస్తదో నేనే కనుక్కుంటా. అప్పటిదాకా స్వెట్టరూ విప్పను, టీమూ ఆపను. ముంతాజూ, నువ్వు ఆడిస్తా ఉండు, నేను గుంటూరు పోయొస్తా."

ముంతాజ్ టీము కెప్టెన్. విజిలు అందుకుని ఊదింది. ఈసారి ఆటో ఆగింది. ఆరోగ్యమ్మ ఆ ఆటోనే ఎక్కేసింది. బాలశౌరికి ఫోనులో, "నువ్వు వస్తే రా, రాకపోతే నేను పోతన్నా" అని మాత్రం చెప్పింది. బస్టాండులో గుంటూరు బస్సు కదిలే లోపు అతను లైన్‌మ్యాన్ బెల్టుతోనే పరిగెత్తుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు. అతను ఆమె చెయ్యి తీసి నా జేబులో పెట్టి, తన చెయ్యి కూడా అందులోనే దూర్చాడు.

ఆసుపత్రిలో స్కానింగు తీశారు. డాక్టరమ్మ చిన్నవయసు ఆమె. ఫిల్ము వెలుగుకి పెట్టి చూసి నవ్వింది.

"ఎక్కడా ఏమీ లేదమ్మా. కేన్సరు రాలేదు. హాయిగా ఇంటికెళ్ళండి."

బాలశౌరి కళ్ళు తుడుచుకుంటూ లేచాడు. ఆరోగ్యమ్మ లేవలేదు.

"సంతోషం డాక్టరమ్మా. మరి ఈ స్వెట్టరు సంగతి చెప్పండి."

"టెన్షను వల్ల అలా అనిపిస్తుందమ్మా, కొన్నాళ్ళకి..."

"అనిపించడం కాదు. వేస్తంది. నా చెయ్యి పట్టుకు చూడండి. కేన్సరు లేదంటే సరిపోద్దా? నేను పరిగెత్తేదాన్ని, ఇప్పుడు నడవలేకపోతన్నా. ఎందుకో చెప్పేదాకా ఈ కుర్చీలోంచి లేవను."

బయట వరుసలో ఉన్నవాళ్ళు తలుపు సందులోంచి తొంగిచూశారు. డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి వదల్లేదు. నా గుండీలు విప్పి మెడ చూసింది. పాత ఫైలు ముందుకి లాక్కుని, కరెంటు ఎక్కడ పెట్టారో చూసింది. నవ్వు ఆగిపోయింది. థైరాయిడ్ పరీక్షకి రక్తం తీయించింది.

రిపోర్టు వచ్చాక తన కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పింది. గొంతు కింద ఒక చిన్న గ్రంథి ఉంటుందట. ఒంటికి వేడి, కాళ్ళకి పరుగు, బుర్రకి చురుకు, అన్నీ దాని చలవే. కేన్సర్ని కాల్చడానికి పెట్టిన కరెంటు దానికీ తగిలింది. వెంటనే ఏమీ తెలియదు. నెలలు, ఒక్కోసారి ఏళ్ళు గడిచాక మెల్లగా పనిచేయడం మానేస్తుంది. పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర వేసుకుంటూ ఉంటే, అది చేయాల్సిన పని మాత్ర చేస్తుంది.

"మెడకి రేడియేషన్ ఇచ్చినవాళ్ళకి ఏటా ఈ పరీక్ష చేయాలి," అంది డాక్టరమ్మ. "మీకు ముందే చెప్పి ఉండాల్సింది."

"చెప్పలేదు," అంది ఆరోగ్యమ్మ. "బతికించినందుకు మీకు చేతులెత్తి దణ్ణం పెడతా. కానీ బతికినాక ఎట్టా బతకాలో అది కూడా చెప్పాల గదమ్మా. నేను సోమరిదాన్నయిపోయానని నన్ను నేనే ఎంత తిట్టుకున్నానో."

డాక్టరమ్మ తల వంచుకుని, "నిజమే," అంది. డాక్టర్లు ఆ మాట అనడం నేను మళ్ళీ వినలేదు.

మాత్ర వేసుకోగానే మనిషి లేచి గంతులేయలేదు. కొన్నాళ్ళు ఏ తేడా కనిపించలేదు. మోతాదు పెంచారు. మెల్లమెల్లగా నా కింద వెచ్చగా తగలడం మొదలైంది. వానలు మొహం చాటేసిన ఒక శ్రావణ మాసపు సాయంత్రం, పిల్లల వెంట పరిగెడుతూ ఆరోగ్యమ్మ ఉన్నట్టుండి ఆగిపోయింది. చంకలో చెయ్యి పెట్టుకుంది. వేళ్ళు తడిగా వచ్చాయి. చెమట!

"పట్టిందే!" అని గ్రౌండంతా వినబడేలా అరిచింది. నన్ను విప్పి, నాతోనే మొహం, మెడ అద్దుకుంది. హెడ్మాస్టరు వరండాలోంచి, "విప్పారే!" అన్నారు.

"ఉక్కపోస్తంది సార్," అంది ఆరోగ్యమ్మ. ఆ మాట ఎంత గర్వంగా అన్నదో చెప్పలేను.

ఆ యేడు జిల్లా పోటీల్లో పిల్లలు రెండో ఆటలోనే ఓడిపోయారు. ఆమె దారి పొడుగునా అంపైరుని తిడుతూనే వచ్చింది. మాచర్లలో టీకి ఆగారు. అక్కడ టీ మాస్టరు నాగుల్ మీరా, నడివయసువాడు, మరిగే పాల గిన్నె పక్కన నిలబడి చెవులకి మఫ్లరు చుట్టుకున్నాడు. గొంతు బొంగురు. మొహం ఉబ్బి ఉంది. ఆరోగ్యమ్మ గ్లాసు పక్కన పెట్టేసింది.

"అన్నా, మీ మెడకి ఎప్పుడన్నా కరెంటు పెట్టారా?"

అతను బిత్తరపోయాడు. "ఎప్పటి సంగతో మేడమ్మా. గొంతులో గడ్డ వస్తే పెట్టారు. అది తగ్గిపోయింది. ఇప్పుడు ఊరికే నీరసం. మావాళ్ళు బద్ధకం అంటన్నారు."

అలవాటుకొద్దీ సంచిలో పెట్టుకుని తిరుగుతున్న నన్ను తీసి అతని చేతిలో పెట్టింది. "రేపు ఇది తొడుక్కుని గుంటూరు పెద్దాసుపత్రికి పోండి. థైరాయిడ్ పరీక్ష చేయమని అడగండి."

"నవ్వుతారమ్మా."

"నవ్వనీ అన్నా. నవ్వటం అయినాక పరీక్ష చేస్తారు. చేసేదాకా లేవమాకండి."

అతను వెళ్ళాడు. మొహమాటస్తుడు, రెండుసార్లు లేవబోయాడు, మళ్ళీ కూర్చున్నాడు. పరీక్ష చేశారు. ఆమె అనుకున్నదే వచ్చింది. ఇప్పుడు అతనూ పొద్దున్నే మాత్ర వేసుకుని, ఆ తర్వాతే పొయ్యి వెలిగిస్తాడు. మఫ్లరు తీసేశాడు. నన్ను తిరిగిచ్చేద్దామని రెంటచింతల వెళ్తే ఆరోగ్యమ్మ పుచ్చుకోలేదు. "మీ కొట్టుకి రోజూ ఎంతమంది వస్తారో. మీ దగ్గరే ఉండనీయండి" అంది.

అలా మాచర్ల టీకొట్లో మేకుకి వేలాడుతున్నాను. మోచేతుల దగ్గర చిరిగాను, పాల ఆవిరి వాసన పట్టాను. చలికాలంలో నాకు పనుండదు, అందరూ స్వెట్టర్లలోనే ఉంటారు, ఎవరిది ఏ చలో తెలియదు. నిండు ఎండలో టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వణికేవాడు ఎవడైనా వస్తే మాత్రం నాగుల్ మీరా కన్ను తప్పించుకోలేడు. ఇప్పటికి మరో ఇద్దరి భుజాల మీద గుంటూరు వెళ్ళొచ్చాను. ఒకామెకి థైరాయిడ్ బాగానే ఉంది, రక్తం తక్కువట. అదీ మంచిదే, తెలిసింది. లోకంలో స్వెట్టర్లన్నీ చలికాలం ఎప్పుడొస్తుందా అని చూస్తాయి. నేను మే నెల కోసం చూస్తున్నాను.